జంగు, జౌహరు – మన వైపు ఉక్కు కథ

మన ఇండ్లలో పాత సామాను సంగతి వచ్చినప్పుడల్లా పెద్దవాళ్ళు ఒక మాట అంటూ ఉంటారు. "వెనుకటి ఫౌలాదు వేరే, దానికి జంగు పట్టదు" అని. పెట్టె అడుగున పాత గుడ్డలో చుట్టిన జంబియానో, వంటింట్లో నల్లబడిన కత్తినో చూపించి ఈ మాట చెబుతారు. వినడానికి బాగనే ఉంటది. అయితే ఇది ఎంతవరకు నిజం? నిజం కాకపోతే ఆ కత్తులు ఇన్ని తరాలు ఎట్లా నిలిచినవి? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే చరిత్ర మనలను దూర దేశాలకు పంపే ముందు మన వేములవాడకు వాయవ్యాన ఉన్న కోనసముద్రం, నిర్మల్ దారికే తీసుకొని పోతుంది. ఆ విషయమును గురించి మాకు తెలిసిన నాలుగు మాటలు సభ్యుల ముందు ఉంచుచున్నాము.

మాటలలో దాగిన చరిత్ర

ముందుగా మాటల సంగతి చూద్దాము. ఉర్దూలో ఉక్కును ఫౌలాద్ అంటారు. కత్తి మీద కనిపించే అలల వంటి గీతలు జౌహర్. దాని మెరుపు, పదును కలిపి ఆబ్. మెరుగు పెట్టడం సైకల్, ఆ పని చేసేవాడు సైకల్‌గర్. తుప్పు జంగ్. మన తెలంగాణ తెలుగులో కూడా "జంగు పట్టింది" అనే అంటాము కదా.

బడిలో గజల్ పాఠం చెప్పేటప్పుడు పిల్లలు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. "అద్దానికి జంగు ఎట్లా పడతది సార్?" అని. వాళ్ళకు తెలిసినది గాజు అద్దమే. మిర్జా గాలిబ్ (1797–1869) కవిత్వంలో అద్దము, జౌహరు, సైకలు, తుప్పు మళ్ళీ మళ్ళీ జంటగా వస్తవి. ఎందుకంటే వెనుకటి అద్దం లోహపు పలక. ఉక్కు పలకను నునుపు చేసి, సైకల్‌గర్ దానికి మెరుగు పెడితేనే ముఖం కనిపించేది. పట్టించుకోకుండా వదిలేస్తే నెలలోనే మసకబారేది. అంటే ఫౌలాదుకు జంగు పడుతుందని మన కవులకు బాగా తెలుసు. పట్టదు అనే మాట తరువాత వచ్చినదే గాని, ఆ రోజుల మాట కాదు.

ఇక తెలుగు మాట "ఉక్కు". తెలుగులోనూ, కన్నడంలోనూ ఇదే మాట. ఇంగ్లీషువాళ్ళ నోట ఇదే "వూట్జ్" అయినదని పండితులు చాలామంది అంటారు. 1794లో బొంబాయి నుండి డాక్టర్ హెలెనస్ స్కాట్ ఈ ఉక్కు ముక్కలను లండన్‌లోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపినాడు. మరుసటి ఏడు, 1795లో, జార్జ్ పియర్సన్ దానిని పరీక్షించి వ్యాసం చదివినాడు. అప్పటి నుండి ఆ పేరు ప్రపంచమంతా పాకింది.

అరబ్బులకు మాత్రం ఇది అంతకు వెయ్యేండ్ల ముందే తెలుసు. హింద్ దేశపు ఉక్కుతో చేసిన కత్తిని వాళ్ళు "ముహన్నద్" అన్నారు. తొమ్మిదవ శతాబ్దంలో అల్ కిందీ కత్తుల గురించి ఒక గ్రంథమే వ్రాసినాడు. పదకొండవ శతాబ్దంలో అల్ బిరూనీ మూసలో కరిగించిన ఉక్కు బిళ్ళను "బైజా", అనగా గుడ్డు, అని పేర్కొన్నాడు. అయితే ఇటువంటి ఉక్కు మన దేశంలోనే చేసినారని అనుకోవడం సరి కాదు. శ్రీలంకలో చేసినారు, మధ్య ఆసియాలోని మర్వ్ నగరంలో చేసినారు, ఇరాన్‌లోనూ చేసినారు. మన గొప్ప చెప్పుకోవడానికి ఇతరుల గొప్పను దాచిపెట్టే అవసరం లేదు.

కోనసముద్రం కొలుములు

మన వైపు సంగతికి వస్తే, 1666–67లో ఈ దారిన ప్రయాణం చేసిన ఫ్రెంచివాడు థెవెనో, ఇందల్వాయి ఊరిలో కత్తులు, బాకులు, బల్లెములు విస్తారంగా తయారై దేశమంతటా అమ్ముడు పోతున్నవని వ్రాసినాడు. ఇందల్వాయి నేటి నిజామాబాద్ జిల్లాలో ఉన్నది. అదే శతాబ్దంలో తిరిగిన వజ్రాల వర్తకుడు టవర్నియే, పారశీకులు జౌహరు తీసే ఉక్కు గోల్కొండ రాజ్యం నుండి వస్తుందని చెప్పినాడు. మచిలీపట్నం రేవు నుండి డచ్చివాళ్ళు కూడా మన ఇనుమును, ఉక్కును ఓడలకు ఎక్కించినారు.

అన్నింటికన్నా వివరంగా చెప్పినవాడు హెన్రీ వెస్లీ వాయ్సీ. దేశమంతా కొలతలు తీసిన పెద్ద సర్వేలో ఇతడు డాక్టరు, భూగర్భ శాస్త్రజ్ఞుడు. 1824లో చనిపోయినాడు. అతడు వ్రాసి పెట్టినది 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. గోదావరికి దక్షిణాన సుమారు 12 మైళ్ళ దూరంలో, నిర్మల్‌కు 25 మైళ్ళ దూరంలో ఉన్న కోనసముద్రంలో ఉక్కు చేసే పద్ధతిని అతడు కండ్లారా చూసి వ్రాసినాడు. ఆ ఊరు నేడు నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో గలదు.

పద్ధతి ఇట్లా ఉండేది. పరిసర గ్రామాల నుండి వచ్చిన రెండు రకాల ఇనుమును ముక్కలు చేసి, పాలు తప్పకుండా కలిపి మట్టి మూసలో పెట్టేవారు. మూస మట్టిలో వరి ఊక కలిపేవారు. ఆ ఊక మంటలో కాలి బొగ్గుగా మారి, మూసకు గట్టితనం ఇచ్చి, అంత వేడికి కూడా పగలకుండా కాపాడేది. ఈ సంగతిని తరువాతి కాలంలో థెల్మా లో అనే పరిశోధకురాలు మూసల పెంకులను పరీక్షించి తేల్చింది. మూసకు మూత పెట్టి, మట్టితో మూసి, చుట్టూ బొగ్గు పేర్చి, తిత్తులతో ఒక పగలు, ఒక రాత్రి నిలుపు లేకుండా ఊదేవారు. చల్లారిన తరువాత మూస పగులగొడితే లోపల ఉక్కు బిళ్ళ. దానికి మళ్ళీ మట్టి పూసి, మళ్ళీ వేడి చేసి, మెత్తదనం తెచ్చేవారు. ఈ పని ఒకసారితో అయ్యేది కాదు.

మన సభ్యులకు ఆసక్తి కలిగించే సంగతి ఇంకొకటి ఉన్నది. వాయ్సీ పోయినప్పుడు ఆ కొలిమి దగ్గర ఇస్ఫహాన్ నుండి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు ఉన్నాడు. ఉక్కు కొనుక్కొని పోవడానికి అంత దూరం నుండి వచ్చి, పనిని దగ్గర ఉండి చూసుకునేవాడు. ఊదేది మన ఊరి కమ్మరి, కొనేది ఇరాన్ వర్తకుడు. భాష వేరు, మతం వేరు, దేశం వేరు. ఆ మూస ముందర ఇద్దరికీ ఒకరితో ఒకరికి పని పడ్డది. ఈ చిత్రం మన తెలంగాణ చరిత్రలో మరిచిపోదగినది కాదు.

2010లో ఇంగ్లాండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు, బెంగుళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ వారు కలిసి ఉత్తర తెలంగాణ గ్రామాలు తిరిగినారు. ఎక్కడికి పోయినా ఇనుప చిట్టెపు దిబ్బలు, మూసల పెంకులు వాళ్ళకు కనిపించినవి. ఇది ఒక ఊరి విద్య కాదు, ఒక సీమ విద్య అని దానితో స్పష్టమైనది.

జౌహరు అంటే ఏమి?

మామూలు ఇనుములో బొగ్గుపాలు, అనగా కార్బన్, చాలా తక్కువ. మన మూస ఉక్కులో అది సుమారు ఒకటిన్నర శాతం దాకా ఉండేది. అంత కార్బన్ ఉన్న ఉక్కు మెల్లగా చల్లారినప్పుడు, ఇనుము, కార్బన్ కలిసిన ఒక గట్టి పదార్థం సన్నటి గింజలుగా వేరుపడుతుంది. కమ్మరి దానిని ఎర్రటి వేడి మీదనే, మించనీయకుండా, ఓపికగా సాగగొడితే ఆ గింజలు వరుసలు కడుతవి. ఐరోపా కమ్మరులు తమకు అలవాటైన తెల్లటి వేడికి ఎక్కించి కొట్టినారు. బిళ్ళ కాస్తా ముక్కలైంది. ఆ వరుసలు ఏర్పడడానికి ఖనిజంలో సహజంగా ఉండే వనేడియం వంటి మూలకాలు నూటికి ఒక పాలులో నూరవ వంతు కూడా లేకున్నా చాలునని, 1990 దశకంలో అమెరికాలో వెర్‌హోవెన్ అనే ఆచార్యుడు, పెండ్రే అనే కమ్మరి కలిసి చేసి చూపినారు.

ఇప్పుడు అసలు సంగతి వినండి. మెరుగు పెట్టిన కత్తి మీద ఈ గీతలు సరిగా కనిపించవు. వాటిని పైకి తేవడానికి అన్నభేది వంటి లవణం కరిగించిన నీళ్ళు పూసేవారు. పారశీకంలో దానిని జాజ్ అన్నారు. ఆ పులుపు మెత్తటి భాగాన్ని తిని నలుపు చేస్తుంది, గట్టి గింజలను ముట్టుకోదు, అవి తెల్లగా మిగులుతవి. నలుపు మీద తెలుపు అలలు, అదే జౌహరు. అంటే మనం మురిసిపోయే ఆ అందం, మనిషి లెక్క ప్రకారం అదుపులో పెట్టిన తుప్పే! తుప్పు పట్టని ఉక్కు అయితే దానికి జౌహరు వచ్చేదే కాదు.

ఎర్ర జంగు, నల్ల పొర

ఇక వంటింటి కత్తి దగ్గరికి వద్దాము. ఇనుముకు నీరు, గాలి రెండూ తగిలితే ఎర్ర జంగు పుడుతుంది. ఉప్పు తగిలితే ఇంకా త్వరగా పుడుతుంది. ఈ ఎర్ర జంగు బొరుసు బొరుసుగా ఉంటది. ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, పొరలు పొరలుగా రాలుతుంది, కింద కొత్త ఇనుము బయటపడుతుంది, అది మళ్ళీ తుప్పు పడుతుంది. ఇట్లా లోపలికి తినుకుంటూ పోతుంది.

నల్ల పొర సంగతి వేరే. మామిడికాయ, ఉల్లిగడ్డ, నిమ్మకాయ కోసీ కోసీ కత్తి మీద నీలి నలుపు రంగు వస్తుంది. ఇది గట్టిగా అంటుకొని ఉంటది, రాలదు, నీటిని కొంత అడ్డుకుంటుంది. మామిడికాయ వగరులో ఉండే పదార్థం ఇనుముతో కలిస్తే నలుపు అవుతుంది. పాతకాలపు సిరాను కూడా వగరు కాయలను, అన్నభేదిని కలిపే చేసేవారు. ఖాతిబ్ కలంలోని నలుపు, వంటింటి కత్తి మీది నలుపు దగ్గరి చుట్టాలే.

అయితే ఈ నల్ల పొర కవచం కాదు, చొక్కా మాత్రమే. ఎండకు ఆపుతుంది గాని వానకు ఆపదు. నల్లబడిన కత్తిని రక్తం, ఉప్పు తుడవకుండా ఒక రాత్రి వదిలిపెడితే తెల్లవారేసరికి ఎర్ర చుక్కలు వస్తవి. బక్రీదు ముందు సాన పట్టించి, పండుగ అయిన తరువాత కడగకుండా మూలకు పడవేసిన కత్తి గతి ఏమవుతుందో ప్రతి ఇంటివాళ్ళకూ తెలిసినదే.

మరి పాత కత్తులు నిలిచింది ఎట్లా? పని అయిన వెంటనే కడిగినారు, పొడి గుడ్డతో తుడిచినారు, కొబ్బరి నూనో ఆముదమో పూసినారు. ఏడాదికి ఒకసారి సైకల్‌గర్ వచ్చి చూసేవాడు. కత్తిని నిలిపినది ఉక్కు మహిమ సగమే, మిగతా సగం చేతుల శ్రద్ధ. శ్రద్ధ లేని ఇండ్లలో ఉన్న కత్తులు ఎప్పుడో మట్టిలో కలిసిపోయినవి. అవి మన కండ్ల ముందు లేవు కాబట్టి, మిగిలిన వాటిని చూసి "పాత ఉక్కుకు జంగు పట్టదు" అని అనుకుంటున్నాము.

కొందరు వెంటనే ఢిల్లీ ఇనుప స్తంభం సంగతి ఎత్తుతారు. సుమారు 1600 ఏండ్ల నాటి స్తంభం, ఏడు మీటర్ల ఎత్తు, ఆరు టన్నులకు పైగా బరువు, ఇంకా నిలిచే ఉన్నది కదా అని. నిజమే. కాని అది ఉక్కు కాదు, మెత్తటి ఇనుము. అందులో భాస్వరం ఎక్కువ ఉండడం వలన పైన ఒక రక్షక పొర ఏర్పడినదని కాన్పూర్ ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణ్యం వివరించినారు. ఆ భాస్వరమే కత్తిలో ఉంటే కత్తి పెళుసై విరిగిపోతుంది. స్తంభం నిలబడితే చాలును, కత్తి తెగవలెను. ఒకదాని మందు ఇంకొకదానికి పనికిరాదు.

షెఫీల్డ్ దాకా

తుప్పు పట్టని కత్తి కావలెననే కోరికకు మన ఉక్కు కూడా ఒక కారణమని చాలామందికి తెలియదు. లండన్‌లో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు మన వూట్జ్‌తో డాక్టర్ల కత్తులు, క్షురకర్మ కత్తులు చేసి పేరు సంపాదించినాడు. అతడు, మైకేల్ ఫారడే కలిసి 1819 నుండి ఈ ఉక్కు రహస్యం ఏమిటని పరీక్షలు చేసినారు. నికెల్, ప్లాటినం వంటి లోహాలు కలిపి చూసినారు. ఏది తక్కువ తుప్పు పడుతుందని కూడా చూసినారు. రహస్యం పూర్తిగా చిక్కలేదు గాని, ఉక్కులో ఇతర లోహాలు కలిపి దాని గుణం మార్చవచ్చుననే దారి తెరుచుకున్నది. విద్యుత్తు విషయంలో ఫారడే పేరు చదివే మన పిల్లలకు, ఆయన మన ఉక్కును కూడా చేతబట్టినాడని చెప్పవలెను.

ఆ దారిలో 1912లో జర్మనీ క్రుప్ కంపెనీ వారు, 1913 ఆగస్టులో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ, క్రోమియం కలిపిన తుప్పు పట్టని ఉక్కును సాధించినారు. బ్రియర్లీ ఉక్కులో క్రోమియం సుమారు 12.8 శాతం. సుమారు పదిన్నర శాతం దాటితే క్రోమియం గాలితో కలిసి కంటికి కనిపించనంత సన్నటి పొర కడుతుంది. గీసుకుపోయినా ఆ పొర దానంతట అదే మళ్ళీ వస్తుంది. అదీ స్టీలు గిన్నె రహస్యం. అయితే మొదట్లో ఆ కత్తులను "తెగని కత్తులు" అని జనం ఎగతాళి చేసినారు.

తెగుడు, తుప్పు పట్టకపోవడం రెండూ ఒకేచోట కుదరడం కష్టం. ఇప్పుడు కార్ఖానాలలో లోహపు రేకులు కత్తిరించే అచ్చులకు వాడే పనిముట్టు ఉక్కు ఒకటున్నది. దానిని డి-2 అంటారు. అందులో కార్బన్ ఒకటిన్నర శాతం, అంటే కోనసముద్రం ఉక్కు అంతే. క్రోమియం సుమారు 12 శాతం. లెక్క ప్రకారం స్టెయిన్‌లెస్ కావలె. కాని కాదు. ఎందుకంటే ఆ కార్బన్ చాలా మట్టుకు క్రోమియంను పట్టుకొని గట్టి గింజలుగా మార్చుకుంటుంది. పొర కట్టడానికి మిగిలేది తక్కువ. అందుకే డి-2 కత్తి ఆలస్యంగానైనా మచ్చలు పడుతుంది. లారీ కమాన్ పట్టీతో మన కమ్మరులు చేసే కత్తిలో క్రోమియం ఉన్నా ఒక శాతం దగ్గరనే. అది నిస్సంకోచంగా తుప్పు పడుతుంది, నిస్సంకోచంగా తెగుతుంది కూడా.

మరొక వింత. 2020లో ఇరాన్‌లోని చాహక్ అనే చోట దొరికిన పదకొండు, పన్నెండు శతాబ్దాల నాటి మూసలను పరీక్షిస్తే, అక్కడి ఉక్కులో ఒకటి రెండు శాతం క్రోమియం కావాలనే కలిపినట్లు తేలింది. అల్ బిరూనీ వ్రాసిన దినుసుల పట్టీని చదువుకొని, ఆ పరిశోధకులు అక్కడ వెతికినారు. తుప్పు ఆపడానికి అది చాలదు. అయినా క్రోమియం కలిపే ఉపాయం షెఫీల్డ్‌కు తొమ్మిది వందల ఏండ్ల ముందే ఒక మూసలో పడినది. పాత కితాబు చదవడం వృథా పోదని ఇంతకన్నా సాక్ష్యం ఏమి కావలె?

మిగిలినది ఏమి?

1856 తరువాత బెస్సెమర్ పద్ధతి మీద టన్నులకు టన్నులు చౌక ఉక్కు వచ్చింది. ఒక పగలు, ఒక రాత్రి ఊదితే ఒక బిళ్ళ వచ్చే విద్య దాని ముందు నిలువలేదు. ఇస్ఫహాన్ వర్తకులు రావడం మానినారు. కొలుములు చల్లారినవి. కమ్మరులు నాగళ్ళు, కొడవళ్ళు చేసుకుంటూ బ్రతికినారు. ఆ విద్యను వాళ్ళు కాగితం మీద పెట్టలేదు, వాళ్ళను అడిగి వ్రాసుకున్నవాళ్ళు మనలో చాలా తక్కువ. దూరం నుండి వచ్చిన ఒక డాక్టరు వ్రాసిన కొద్ది పేజీలే మనకు ముఖ్యమైన దిక్కయినవి. ఇది మాత్రం మనసుకు కష్టం కలిగించే సంగతి.

కావున సభ్యులకు, ముఖ్యముగా తల్లులకు, యువకులకు మా మనవి ఇది. ఇంట్లో పాత కత్తి ఏదైనా ఉంటే నల్లగా ఉన్నదని పాత ఇనుము కింద తూకానికి వేయకండి. చింతపండుతో, ఇటుక పొడితో, ఆసిడ్‌తో తెల్లగా తోమకండి. అట్లా చేస్తే నల్ల పొరతో పాటు జౌహరు కూడా పోతుంది. ఎర్ర జంగు ఉంటే నూనె వేసి మెత్తటి గుడ్డతో మెల్లగా రుద్దండి. తోలు ఒరలో దాచకండి, తోలు తడిని పట్టి ఉంచుతుంది. పొడి గుడ్డలో చుట్టి, సన్నగా నూనె రాసి, వానకాలంలో రెండు మూడు సార్లు తీసి చూడండి. అన్నింటికన్నా ముఖ్యం, ఆ కత్తి ఎవరిది, ఎక్కడి నుండి వచ్చింది, ఎవరు సాన పట్టేవారు అని పెద్దలను అడిగి ఒక నోటుబుక్కులో వ్రాసి పెట్టండి. ఉర్దూలోనైనా సరే, తెలుగులోనైనా సరే.

ఊరి పక్కన చిట్టెపు దిబ్బ ఉంటే, మట్టి కోసం తవ్వే ముందు పంచాయతీ పెద్దలకో, బడి సార్లకో ఒక మాట చెప్పండి. అది చెత్త కాదు, మన తాతల దస్తావేజు.

ఉక్కుకు జంగు పడుతుంది. తుడిచే చేయి ఉన్నంత కాలం అది నిలుస్తుంది. జ్ఞాపకం సంగతి కూడా అంతే. తుడిచే పని ఈ తరం వంతుకు వచ్చినది.